రెండో గేర్లోనూ ముందు చక్రాలు దడదడ: టైర్లా, బుష్‌లా, ఇంజిన్ మౌంటింగా?

గుంటూరు_టీఎస్ఐ
అందరికీ నమస్కారం. నాది 2020 పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్, టైర్లు 185/60 ఆర్15, బండి 52 వేలు తిరిగింది. పోయినేడాది స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచడం) చేయించా, ట్యూనర్ ఇచ్చిన షీట్ ప్రకారం టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 175 నుంచి 220 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు) దాకా వెళ్లింది. పికప్ గురించి చెప్పక్కర్లేదు. కానీ సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా లాగిస్తే చక్రాలు జారడం ఒక ఎత్తు, వెంటనే ముందు భాగమంతా దడదడదడ కొట్టుకోవడం ఇంకో ఎత్తు, డ్యాష్‌బోర్డు ఊడి ఒళ్లో పడుతుందేమో అనిపిస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఆగిపోతుంది. మొదటి గేర్లో అయితే సరేలే అనుకున్నా, ఈమధ్య రెండో గేర్లో కూడా మొదలైంది, అదీ దుమ్ము ఉన్న రోడ్డు మీద మరీ ఎక్కువ. నా బండిలో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే దానంతటదే ఆపే ఏర్పాటు) లేదు. ఒక షాపులో వెడల్పు టైర్లు వేసేయమన్నారు, ఇంకో షాపులో లోయరింగ్ స్ప్రింగులు వేస్తే సెట్ అవుతుందన్నారు. 16 అంగుళాల అల్లాయ్‌లు, 205 టైర్లు కొనేద్దామని చూస్తున్నా. డబ్బులు పెట్టేముందు ఒకసారి ఇక్కడ అడుగుదామని. టైర్లు బండితో వచ్చినవే, గాడి ఇంకా బాగానే ఉంది.

కూకట్‌పల్లి_కుర్రోడు
బ్రో ఆలోచించకు, స్ప్రింగులు వేసెయ్. బండి కిందికి దిగితే గ్రిప్ ఆటోమేటిగ్గా వస్తది, లుక్కు కూడా అదిరిపోద్ది. నేను వేసి రెండేళ్లయింది. పైన స్ట్రట్ బార్ (రెండు షాకప్‌ల పైభాగాల్ని కలిపే కడ్డీ) కూడా పెట్టించు.

బుష్_బాబాయ్
తమ్ముడూ, పర్సు ఇంకా బయటికి తీయకు. ముందు నాలుగు సంగతులు చెప్పు.

టైరు పక్కన డాట్ అని రాసి ఉంటుంది, ఆ వరస చివర నాలుగంకెలు ఏమున్నాయి? మొదటి రెండూ ఏ వారంలో తయారైందో, తరువాతి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. గాలి ఎంత పెడుతున్నావు, చల్లగా ఉన్నప్పుడు పట్టిస్తున్నావా, పది కిలోమీటర్లు తిరిగొచ్చి పంక్చర్ షాపులో పట్టిస్తున్నావా? స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి టక్ అని ఏదైనా శబ్దం వస్తుందా? గేరు మార్చేటప్పుడు బండి ముందుకీ వెనక్కీ ఊగుతుందా?

గాడి ఉందని టైరు బాగుందనుకోవద్దు. మన ఎండలకి అయిదారేళ్లలో రబ్బరు గట్టిపడిపోతుంది. బొటనవేలి గోరు ట్రెడ్ మీద గుచ్చి చూడు, దిగి మళ్లీ పైకి రావాలి. గోరు జారిపోయి టైరు మీద తెల్ల గీత మాత్రమే పడితే దాని పని అయిపోయినట్టే, గాడి ఎంతున్నా సరే. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నన్నాళ్లూ ఈ కేసులే, గాడి చూపించి వాదించేవాళ్లు.

లెక్కల_మాస్టారు
నేను వరంగల్‌లో ఫిజిక్స్ చెబుతాను, మెకానిక్‌ని కాను, కాబట్టి లెక్క వరకే మాట్లాడతాను. అంకెలన్నీ రమారమి.

బండి, డ్రైవరు కలిపి 1150 కిలోలు అనుకోండి. అందులో 62 శాతం ముందు చక్రాల మీద, అంటే 710. లాగించగానే బరువు వెనక్కి మారుతుంది, ఎంత మారుతుందనేది త్వరణం, బండి గురుత్వ కేంద్రం ఎత్తు, వీల్‌బేస్, ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది. 0.4 జి త్వరణం, 55 సెంటీమీటర్ల ఎత్తు, 2.47 మీటర్ల వీల్‌బేస్ వేస్తే 100 కిలోలు వెనక్కి పోతాయి. ముందు మిగిలింది 610. మంచి పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.9 అనుకుంటే టైర్లు మోయగల లాగుడు 550 కిలోల బలం. దుమ్ము ఉంటే 0.7 దాకా పడిపోతుంది, అప్పుడు 430 మాత్రమే.

ఇప్పుడు ఇంజిన్ వైపు నుంచి. మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ చివర చక్రాలకి బలం అందించే పళ్లు) కలిపి చిన్న టర్బో బండ్లలో 13-14 రెట్లు ఉంటుంది. 175 ఎన్‌ఎంని 13.5తో హెచ్చించి, చక్రం వ్యాసార్థం 0.3 మీటర్లతో భాగించి, నష్టాలు పది శాతం తీసేస్తే 720 కిలోల బలం. అంటే రీమ్యాప్ లేకపోయినా మొదటి గేర్లో పూర్తిగా తొక్కితే జారాల్సిందే, అందులో వింతేమీ లేదు. రెండో గేరు ఏడున్నర రెట్లు అనుకుంటే కంపెనీ ట్యూన్‌తో 400, దుమ్ము రోడ్డు మీద కూడా హద్దులోనే. 220 ఎన్‌ఎంతో అదే 505. పొడి రోడ్డు మీద అంచున నిలుస్తుంది, దుమ్ము రోడ్డు మీద దాటిపోతుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే కదా.

ఇక స్ప్రింగుల సంగతి. 30 మిల్లీమీటర్లు దించితే వెనక్కి మారే బరువు తగ్గేది 5-6 కిలోలు. వందలో అయిదు. దానికోసం గుంతల్లో నడుం విరగ్గొట్టుకోవాలా అన్నది మీ ఇష్టం.

కూకట్‌పల్లి_కుర్రోడు
మాస్టారూ అయిదు కిలోలైనా అయిదే కదా 😄 కానీ నా బండి నిజంగానే బాగా లాగుతది, లెక్కలో దొరకనివి కూడా ఉంటాయి.

లెక్కల_మాస్టారు
మీ డిక్కీలో సబ్‌వూఫర్ డబ్బా ఉందా? అది 40 కిలోలుండి, వెనుక ఇరుసుకి 40 సెంటీమీటర్లు వెనక కూర్చుంటే, ముందు చక్రాల మీద నుంచి ఆరు కిలోలకు పైగా లేపేస్తుంది. అది దించేస్తే స్ప్రింగుల ఖర్చు మిగులుతుంది.

గుంటూరు_టీఎస్ఐ
మాస్టారు గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్స్. కానీ ఒక డౌటు. జారడం అర్థమైంది. జారితే సాఫీగా జారాలి కదా, ఈ దడదడ ఎందుకు? మా ఫ్రెండ్ బండి కూడా రీమ్యాప్ చేసిందే, అది కీచుమని జారుతుంది తప్ప కొట్టుకోదు.

బాబాయ్, డాట్ నంబరు చివర 3119. గోరు గుచ్చితే తెల్ల గీతే పడింది. గాలి 36 పీఎస్‌ఐ పెడుతున్నా, మైలేజీ కోసం. టక్ శబ్దం ఎడమవైపు నుంచి అప్పుడప్పుడు వస్తుంది.

లెక్కల_మాస్టారు
సుద్దముక్కని బోర్డుకి నిటారుగా పట్టి కిందికి లాగి చూడండి. గీత రాదు, టకటకమని చుక్కలు పడతాయి. అంటుకుని, వేలితో పాటు వంగి, ఇక వంగలేక జారి, మళ్లీ అంటుకుని. మీ టైరు చేస్తున్నది అదే. టైరు రోడ్డుని పట్టుకుంటుంది, ఇంజిన్ లాగుతుంది, సైడ్‌వాల్ మెలిపడుతుంది, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) కీలులోని రబ్బరు, అంటే బుష్, నొక్కుకుపోయి చక్రం మొత్తం కొద్దిగా ముందుకు జరుగుతుంది, ఇంజిన్ తనని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగుల మీద వెనక్కి వాలుతుంది. ఇవన్నీ రబ్బర్లు, అంటే స్ప్రింగులే. హద్దు దాటగానే టైరు జారుతుంది, అన్ని రబ్బర్లూ ఒకేసారి వెనక్కి తన్నుతాయి, ఆ తన్నుకి టైరు మళ్లీ రోడ్డుని పట్టుకుంటుంది. సెకనుకి పది, పదిహేను సార్లు. చక్రం, హబ్బు, బ్రేకు కలిసిన బరువు ఊగే సహజ వేగం కూడా ఇంచుమించు అంతే కాబట్టి ఊపు మీద ఊపు పెరిగిపోతుంది. దాన్ని చంపాల్సింది షాకప్. అదీ అరిగి ఉంటే ఆపేవాళ్లు లేరు.

రోడ్డు మీద మరక చూడండి. సాఫీగా జారితే నల్లటి గీత సాగుతూ పడుతుంది. కొట్టుకుంటే విడివిడిగా నల్ల అచ్చులు, మధ్యలో ఖాళీలు.

బుష్_బాబాయ్
మాస్టారు సరిగ్గా చెప్పారు. మీ ఫ్రెండ్ బండిలో రబ్బర్లు ఇంకా గట్టిగా ఉన్నాయి, నీ బండిలో వదులైపోయాయి, తేడా అంతే. టక్ శబ్దం ఎడమవైపు అన్నావు కాబట్టి నా అనుమానం లోయర్ ఆర్మ్ వెనుక బుష్ మీద.

ఇలా చూసుకో. బండి లిఫ్ట్ మీద ఎక్కించి, చక్రాలు గాల్లో ఉండగా, లోయర్ ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ (ఇంజిన్ కింద ఉండే ఇనప చట్రం) మధ్య పొడుగాటి టామీ రాడ్ పెట్టి మెల్లగా ఎత్తమను. మంచి బుష్ అయితే కొద్దిగా కదిలి అక్కడే బిగుసుకుంటుంది. చిరిగిందైతే ఆర్మ్ ముందుకీ వెనక్కీ తేలిగ్గా వచ్చేస్తుంది, రబ్బరు పగులు నోరు తెరుచుకుని లోపలి ఇనప గొట్టం పక్కకి వాలడం కంటికే కనిపిస్తుంది. బైటి నుంచి చూసి బాగుంది అనేసే మెకానిక్‌ని నమ్మకు, కొన్ని బుష్‌లలో కంపెనీ వాళ్లే ఖాళీలు వదులుతారు, ఖాళీకీ చిరుగుకీ తేడా రాడ్ పెడితేనే తెలుస్తుంది. అప్పుడే బాల్ జాయింట్, లింక్ రాడ్, టై రాడ్ ఎండ్ కూడా పట్టుకుని ఊపమను. షాకప్ పిస్టన్ దగ్గర నూనె తడి ఉందేమో చూడు.

తరువాత బండి దించి బానెట్ ఎత్తు. ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఫుట్ బ్రేక్ నొక్కి, మొదటి గేర్లో క్లచ్ కొద్దిగా వదలమను, తరువాత రివర్స్‌లో అలాగే. నువ్వు బండికి ఎదురుగా నిలబడకు, పక్కన ఉండు. ఇంజిన్ ఎంత ఊగుతుందో ఫోన్‌లో వీడియో తియ్యి. నీ బండిలో ఇంజిన్ రెండు పక్కలా వేలాడుతూ ఉంటుంది, కింద గేర్‌బాక్స్ నుంచి సబ్‌ఫ్రేమ్‌కి ఒక చిన్న కడ్డీ, దాన్ని డాగ్‌బోన్ అంటారు. ఇంజిన్ ముందుకీ వెనక్కీ తిరగకుండా ఆపేది అదొక్కటే. టార్క్ పెంచినప్పుడు దెబ్బంతా దాని రబ్బరు మీదే.

అనూష_హైవే
గాలి గురించి ఒక మాట. మీ బండికి ఎంత పెట్టాలో పెట్రోల్ మూత తలుపు లోపలి స్టిక్కర్ మీదే ఉంటుంది, ఖాళీ బండికి వేరు, ఫుల్ లోడుకి వేరు. 36 మరీ ఎక్కువ. పైగా ఉదయం 36 పెడితే మే నెల మధ్యాహ్నం గుంటూరులో అది 36గా ఉండదండి, టైరు వేడి అయిదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. అలాగని గ్రిప్ కోసం 26కి దించేసేవాళ్లున్నారు, అది ఇంకా డేంజర్. గాలి తగ్గితే రోడ్డుకి ఆనే భాగం పెరుగుతుంది నిజమే, కానీ సైడ్‌వాల్ మెత్తబడి ఇందాక మాస్టారు చెప్పిన మెలిక పెరుగుతుంది, హైవే మీద టైరు వేడెక్కుతుంది. స్టిక్కర్ అంకె దగ్గర మొదలుపెట్టి ఒకటి రెండు అటూ ఇటూ చూసుకోండి, చాలు. నైట్రోజన్ పెట్టిస్తే గ్రిప్ వస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్.

టైరు సైజు లెక్క (మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, చివరిది రిమ్ము అంగుళాలు): 185/60 ఆర్15 మొత్తం ఎత్తు 603 మిల్లీమీటర్లు. 195/60 ఆర్15 అయితే 615, రెండు శాతం ఎక్కువ, మీ రిమ్ములకే పడుతుంది. 205/55 ఆర్15 అయితే 606.5, ఎత్తు పరంగా అదే దగ్గర, కానీ మంచి కంపౌండ్‌లో దొరకడం కష్టం. 205/55 ఆర్16 అంటే 632 వస్తుంది, దాదాపు అయిదు శాతం ఎక్కువ, అది మాత్రం వద్దు, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకోవచ్చు కూడా. 16 అంగుళాలే కావాలంటే పోలో పై మోడల్‌కి వచ్చిన 195/55 ఆర్16 ఉంది. కానీ అల్లాయ్ బరువు చూడండి. చవక అల్లాయ్‌లు కొన్ని ఇనుము రిమ్ము కంటే బరువుంటాయి, ఆ బరువంతా స్ప్రింగు కింద ఊగే బరువే, మీ సమస్య పెరుగుతుంది.

ఓఆర్ఆర్_ఆదివారం
అడగలేదు కానీ చెబుతున్నా. సిగ్నల్ దగ్గర ఎందుకండీ ఇవన్నీ? పక్కన స్కూటీ మీద పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లుంటారు. రీమ్యాప్ తీయించేస్తే అన్నీ పోతాయి, అదే అసలు రిపేరు. పైగా మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి బండిని మార్చడానికి వీల్లేదు, రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ఇలాంటివే వెతుకుతారు.

బుష్_బాబాయ్
సిగ్నల్ దగ్గర వద్దు అన్నది నూటికి నూరుపాళ్లు కరెక్టు, నా మాట కూడా అదే. ఇన్సూరెన్స్ మాట కూడా నిజం. కానీ రీమ్యాప్ తీసేస్తే అన్నీ పోతాయి అంటే ఒప్పుకోను. చిరిగిన బుష్ చిరిగినట్టే ఉంటుంది, బ్రేక్ గట్టిగా వేసినప్పుడు బండి పక్కకి లాగేది ఆ బుష్షే. రాయిలాంటి టైరు వానలో ఆగాల్సిన చోట ఆగదు. ఈ కుర్రాడు గ్రిప్ కోసం వచ్చాడు కాబట్టి అవి బైటపడుతున్నాయి.

ఇంకోటి. ఈ దడదడ వస్తుంటే కాలు ఇంకా తొక్కి ఉంచే అలవాటు ఉంటే మానుకో తమ్ముడూ. ప్రతి దెబ్బకీ డ్రైవ్ షాఫ్ట్ మీద లోడు పడి, లేచి, మళ్లీ పడుతుంది. సీవీ జాయింట్లు (డ్రైవ్ షాఫ్ట్ చివర్ల కీళ్లు), డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే భాగం) పళ్లు విరిగేది సాఫీగా జారేటప్పుడు కాదు, ఇలా కొట్టుకునేటప్పుడే.

డల్లాస్_డ్రైవ్
ఆలస్యంగా చూశా ఈ త్రెడ్. ఇక్కడ నాది 2019 సివిక్ ఎస్ఐ, 205 హార్స్‌పవర్, 260 ఎన్‌ఎం, ఫ్యాక్టరీ నుంచే హెలికల్ ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఒక చక్రం జారితే పట్టున్న చక్రానికి ఎక్కువ టార్క్ పంపేది) వస్తుంది. ఎవరైనా ఎల్‌ఎస్‌డీ వేయించమని సలహా ఇచ్చేలోపు నేనే చెప్పేస్తా: అది ఈ జబ్బుకి మందు కాదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఒకే టార్క్ ఇస్తుంది, గ్రిప్ తక్కువున్న చక్రమే హద్దు నిర్ణయిస్తుంది. మూలమలుపులో లోపలి చక్రం తేలికైనప్పుడు ఎల్‌ఎస్‌డీ తేడా బ్రహ్మాండంగా తెలుస్తుంది. కానీ తిన్నగా లాగేటప్పుడు అదే పట్టు రెండు చక్రాలకీ ఉంటుంది, కొట్టుకుంటే రెండూ కలిసి కొట్టుకుంటాయి. ఖర్చు చూస్తే కళ్లు తిరుగుతాయి, గేర్‌బాక్స్ విప్పాలి.

నా బండికి పనిచేసింది ఇంజిన్ వెనుక మౌంటింగ్. 62ఏ గట్టిదనం (అంకె పెరిగేకొద్దీ గట్టి) ఉన్న పాలియూరెథేన్, అంటే రబ్బరుకి బదులు వాడే గట్టి ప్లాస్టిక్ లాంటిది, వేశా. దడదడ చాలా తగ్గింది, గేర్లు కూడా శుభ్రంగా పడుతున్నాయి. బదులుగా ఏమిచ్చానంటే, ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ జుయ్‌మంటుంది, మా ఆవిడ ఫోన్ మసాజర్ మోడ్‌లో ఉందా అని అడిగింది. కొన్నాళ్లకి కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంట్లో అమ్మా నాన్నా కూడా ఎక్కే బండైతే 80ఏ జోలికి అసలు వెళ్లకండి.

స్టీరింగ్ పక్కకి లాగడం వేరే సంగతి, దాన్ని దీనితో కలపొద్దు. అది రెండు డ్రైవ్ షాఫ్టుల పొడవులో తేడా, స్టీరింగ్ ఇరుసు చక్రం మధ్యకి దూరంగా ఉండటం వల్ల వచ్చేది. ఫోర్డ్ వాళ్లు 2009 ఫోకస్ ఆర్‌ఎస్‌కి 300 పైగా హార్స్‌పవర్ ముందు చక్రాలకే పెట్టి, రెవోనకిల్ అని ప్రత్యేకమైన సస్పెన్షన్ చేసింది ఇందుకే. 2017 సివిక్ టైప్ ఆర్‌కి కూడా రెండు ఇరుసుల స్ట్రట్ పెట్టారు. అవి మనం గ్యారేజీలో చేయించుకునేవి కావు.

గుంటూరు_టీఎస్ఐ
బాబాయ్, నిన్న లిఫ్ట్ మీద చూపించా. మీరు చెప్పినట్టే టామీ రాడ్ పెట్టగానే ఎడమవైపు వెనుక బుష్ సగం దాకా చిరిగి కనపడింది, గొట్టం ఒక పక్కకి ఆనుకుని ఉంది. కుడివైపుది పగుళ్లు మొదలయ్యాయి. డాగ్‌బోన్ రబ్బరు చిరగలేదు కానీ వీడియోలో ఇంజిన్ బాగా ఊగుతోంది, రివర్స్‌లో అయితే మరీ. షాకప్‌లు పొడిగానే ఉన్నాయి.

ఇప్పుడు బుష్‌లు రబ్బరువే వేయించాలా, పాలియూరెథేన్ వేయించాలా? కుర్రోడు బ్రో పాలీ అంటున్నాడు.

కూకట్‌పల్లి_కుర్రోడు
పాలీ బ్రో, లైఫ్‌టైమ్.

బుష్_బాబాయ్
లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్? 😄

నా ఓటు లోయర్ ఆర్మ్‌కి కొత్త ఒరిజినల్ రబ్బరు బుష్, రెండు వైపులా. ఒక వైపే మార్చకు. నీకు రోజూ గుంటూరు రోడ్లు, పాలీ వేస్తే ప్రతి గులకరాయీ సీట్లోకి వస్తుంది, గ్రీజు ఎండితే కిర్రుకిర్రుమంటుంది. కొత్త రబ్బరే నీ చిరిగిన రబ్బరు కంటే ఎన్నో రెట్లు గట్టి. డాగ్‌బోన్‌కి మాత్రం ఖాళీల్లో దూర్చే పాలీ ముక్క వేయించు, మొత్తం మార్చక్కర్లేదు, నచ్చకపోతే తీసేయొచ్చు. 70ఏ ప్రాంతంలో ఉండేది చూడు. వైబ్రేషన్ కొద్దిగా వస్తుంది, ముఖ్యంగా ఉదయం చల్లని స్టార్ట్‌లో, కంగారుపడకు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా: బుష్ బోల్టులు ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు సస్పెన్షన్ మీద ఉన్నప్పుడే వేయాలి. గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే, బండి దించగానే కొత్త రబ్బరు మెలిపడి కూర్చుంటుంది, కొన్నాళ్లకే మళ్లీ చిరుగుతుంది. సగం మంది మెకానిక్‌లు తొందరలో గాల్లోనే బిగించేస్తారు. పక్కనే నిలబడు.

అనూష_హైవే
ఆ పని తరువాత అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి, చేయించి ప్రింటు తీసుకోండి. ఈ బండికి ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) విడిగా తిప్పే ఏర్పాటు లేదు, సబ్‌ఫ్రేమ్ కొద్దిగా జరిపి రెండు వైపులా సమానం చేయడం వరకే. కాబట్టి "క్యాంబర్ సెట్ చేశాం సార్" అని బిల్లేస్తే ఏం చేశారో అడగండి. టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మాత్రం చూసుకోవాలి. ముందు చక్రాలు లాగే బండిలో లోడు పడగానే చక్రాలు కొద్దిగా లోపలికి తిరుగుతాయి, అందుకని నిలబడి ఉన్నప్పుడు సున్నాకి దగ్గరగా పెట్టించుకుంటే లాగేటప్పుడు అతిగా లోపలికి పోవు.

టైర్లలో నా మాట 195/60 ఆర్15. వెడల్పు పది మిల్లీమీటర్లే కదా అనుకోకండి, అసలు తేడా తాజా రబ్బరు, మంచి కంపౌండ్‌ది. మైలేజీ కోసమే చేసిన టైరు అయితే 205 వేసినా 215 వేసినా జారుతుంది. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) మీ పాత టైరు కంటే తగ్గకుండా చూడండి. రెండే కొంటే కొత్తవి ముందు వేద్దామని షాపు వాడంటాడు, వద్దు, అయితే నాలుగూ కొనండి, లేదంటే వానాకాలం దాకా ఆగి డబ్బు కూర్చుకోండి. వెనుక పాత రాళ్లూ, ముందు కొత్త గ్రిప్పూ ఉంటే వానలో మలుపు దగ్గర కాలు తీయగానే వెనుక భాగం తిరిగిపోతుంది.

వైజాగ్_వాన
మధ్యలో దూరుతున్నా క్షమించాలి. నాది ఎలక్ట్రిక్ కారు, ముందు చక్రాల డ్రైవ్, టార్క్ 300 ఎన్‌ఎం పైనే. బీచ్ రోడ్డు మీద ఇసుక ఉన్నచోటా, మొదటి వానకీ బండి కదలగానే టైర్లు జుర్రుమంటాయి. దడదడ రాదు, జారడమే. నాకూ బుష్‌లేనా?

లెక్కల_మాస్టారు
మీది వేరు. మోటారు సున్నా ఆర్‌పీఎం నుంచే పూర్తి టార్క్ ఇవ్వగలదు. బ్యాటరీ నేల కింద పరచడం వల్ల ముందు చక్రాల వాటా పెట్రోలు బండి కంటే తక్కువ, సగానికి దగ్గర. దానికి తోడు రేంజ్ కోసం తేలిగ్గా దొర్లే టైర్లు ఇస్తారు, వాటికి తడిలో పట్టు తక్కువ. మొదటి వానకి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము పైకి తేలుతాయి, గంట గట్టిగా కురిస్తే కొట్టుకుపోతాయి. ఎకో మోడ్‌లో కదలండి, ట్రాక్షన్ కంట్రోల్ ఆపకండి, టైర్లు మార్చే రోజు వచ్చినప్పుడు తడి రోడ్డు గ్రిప్ రేటింగ్ చూసి కొనండి, రేంజ్ కొద్దిగా పోతుంది.

గుంటూరు_టీఎస్ఐ
అప్‌డేట్. బుష్‌లు రెండు వైపులా ఒరిజినల్ వేయించా, డాగ్‌బోన్‌లో పాలీ ముక్క, నాలుగు టైర్లూ 195/60 ఆర్15, అలైన్‌మెంట్. బోల్టులు నేల మీద బిగించమంటే మెకానిక్ నన్ను వింతగా చూశాడు, అయినా ర్యాంప్ మీద చక్రాలు ఆనించి బిగించాడు. గాలి స్టిక్కర్ ప్రకారం.

ఊరి బయట ఖాళీ రోడ్డు మీద చూశా, సిగ్నల్ దగ్గర కాదండీ ఆదివారం గారూ. రెండో గేర్లో దడదడ లేనే లేదు, పూర్తిగా తొక్కితే ఒక్క క్షణం కీచుమని పట్టుకుంటుంది. టక్ శబ్దం పోయింది. బ్రేకు వేస్తే బండి తిన్నగా ఆగుతోంది, ఇంతకుముందు కొద్దిగా పక్కకి లాగేదని ఇప్పుడు తెలుస్తోంది. మొదటి గేర్లో మాత్రం క్లచ్ ఠక్కున వదిలి తొక్కితే ఇంకా రెండు మూడు దెబ్బలు కొడుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే గేర్ రాడ్ వణుకుతుంది, ఏసీ ఆన్ అయితే ఇంకాస్త. అలవాటవుతుందిలే.

మొదటి గేర్ది కూడా పోవాలంటే షాకప్‌లు మార్చాలా?

బుష్_బాబాయ్
షాకప్‌లు పొడిగా ఉన్నాయి, బండి గుంతలో పడ్డాక రెండోసారి ఊగకపోతే ఇప్పుడే మార్చకు. కొత్త టైర్ల మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పూత ఉంటుంది, ఒక 200-300 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పితే అరిగిపోతుంది, అప్పటిదాకా గ్రిప్ ఎంతో తేల్చకు. మాస్టారి లెక్క గుర్తుందిగా, మొదటి గేర్లో కంపెనీ టార్క్‌కే టైరు ఓడిపోతుంది. నీ ట్యూనర్‌ని అడిగి మొదటి గేరు వరకు టార్క్ తగ్గించిన మ్యాప్ వేయించుకో, చాలా ఈసీయూలలో (ఇంజిన్ కంప్యూటర్లలో) గేరు వారీగా హద్దు పెట్టొచ్చు. టైము కూడా నష్టపోవు, జారే టైరు కంటే పట్టుకున్న టైరే బండిని ముందుకు లాగుతుంది. గట్టిగా ఆడుకోవాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డేకి వెళ్లు.

డల్లాస్_డ్రైవ్
గేరు వారీ హద్దుకి నా ఓటు కూడా. నా ట్యూన్‌లో మొదటి రెండు గేర్లకీ అదే ఉంది. కాలితో కూడా చేయొచ్చు, క్లచ్ పూర్తిగా వదిలాక తొక్కాలి, వదులుతూ తొక్కకూడదు. టైరుకి అత్యధిక పట్టు పది, పదిహేను శాతం జారుడు దగ్గర ఉంటుంది, అది దాటితే తగ్గుతూ పోతుంది. కీచుమనే ముందు వచ్చే ఆ చిన్న గరగర శబ్దం వింటే అక్కడ కాలు ఆపేయ్.

కూకట్‌పల్లి_కుర్రోడు
నేను కూడా లిఫ్ట్ మీద చూపించా, ఊరికే. కుడి బుష్ పోయింది 😐 స్ప్రింగులు మాత్రం తీయను. సబ్‌వూఫర్ కూడా.

పల్నాడు_పికప్
అన్నా, మాది సరుకులేసే పికప్ వ్యాన్, వెనుక కమాన్ పట్టీలు. ఖాళీగా ఉన్నప్పుడు చేను గట్టు ఎక్కేటప్పుడు వెనుక చక్రాలు ఇలాగే ఎగిరెగిరి కొట్టుకుంటాయి. నేనూ లోయర్ ఆర్మ్ బుష్ మార్చాలా?

బుష్_బాబాయ్
నీ బండికి లాగేది వెనుక చక్రాలు, దీనికీ దానికీ సంబంధం లేదు తమ్ముడూ. లోడు లేనప్పుడు కమాన్ పట్టీ ఎస్ ఆకారంలో మెలిపడి వెనక్కి తన్నుతుంది. మొదట వెనుక ఇరుసుని పట్టుకునే యూ బోల్టులు వదులయ్యాయేమో స్పానర్ పెట్టి చూడు, సెంటర్ బోల్టు, షాకిల్ బుష్‌లు చూడు. గట్టు ఎక్కేటప్పుడు రెండు మూడు బస్తాలు వెనుక ఇరుసు మీదికి వచ్చేలా వేసి ఎక్కించి, తేడా ఏంటో ఫొటోలతో కొత్త త్రెడ్‌లో పెట్టు, అక్కడ మాట్లాడదాం.